పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం - డ్రోన్లను అడ్డుకునే విద్య

(పై తరగతుల విద్యార్థులకు, వారి అమ్మానాన్నలకు)

పిల్లలూ! 'డ్రోన్' అంటే ఇంగ్లీషులో మగ తేనెటీగ అని అర్థం. 1935లో బ్రిటన్‌లో రేడియోతో నడిచే, లోపల మనిషి లేని ఒక విమానాన్ని తయారు చేసి 'క్వీన్ బీ' అని పేరు పెట్టారు. ఫిరంగి దళాలు గురి చూసి కొట్టడం నేర్చుకోవడానికి దాన్ని ఎగరేసేవారు. ఆ రాణి ఈగ నుంచే డ్రోన్ అన్న పేరు వచ్చిందని చెబుతారు. అంటే తొలి డ్రోన్ల పని దెబ్బలు తినడమేనన్న మాట! తొంభై ఏళ్లు గడిచేసరికి ఆట తిరగబడింది. ఇప్పుడు ఆ ఈగను కొట్టడమే పెద్ద పెద్ద సైన్యాలకు చెమటలు పట్టిస్తోంది.

గల్ఫ్‌లో కాపురాలు చేస్తున్న మనకు ఇది దూరపు సంగతి కాదు. 2019 సెప్టెంబర్ 14న సౌదీ అరేబియాలోని అబ్‌ఖైక్ చమురు శుద్ధి కేంద్రం మీద డ్రోన్లు, క్రూయిజ్ క్షిపణులతో దాడి జరిగింది. ఆ దేశపు చమురు ఉత్పత్తిలో దాదాపు సగం కొంతకాలం ఆగిపోయింది. ఆ రోజుల్లోనే కువైట్ మీద కూడా ఒక డ్రోన్ ఎగిరిందన్న వార్తలు వస్తే ఇక్కడి ప్రభుత్వం విచారణ జరిపించింది. 2022 జనవరి 17న అబుధాబిలోని ముసఫ్ఫా ఇంధన డిపో మీద జరిగిన దాడిలో ముగ్గురు చనిపోయారు. ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. ఆ యుద్ధంతో వారికి ఏ సంబంధమూ లేదు. మన ఇళ్లలోని పెద్దల్లాగే పని కోసం వచ్చినవాళ్లు.

"ఇంత డబ్బున్న దేశాలు అంత చిన్నదాన్ని ఆపలేవా?" అని మీరు అడుగుతారు. మంచి ప్రశ్నే. ఆపాలంటే నాలుగు పనులు వరసగా జరగాలి. పసిగట్టాలి. గుర్తుపట్టాలి. లెక్క కట్టాలి. అడ్డుకోవాలి. ఇవి గొలుసులోని నాలుగు లంకెల వంటివి. ఒక్కటి తెగినా మిగిలిన మూడూ పనికిరావు. డ్రోన్లు ఇంతగా వ్యాపించకముందే, విమానాలూ క్షిపణులతో ఈ పాఠాలు కువైట్ చుట్టుపక్కలే జరిగిపోయాయి. వాటినే ఒక్కొక్కటిగా చూద్దాం.

1. పసిగట్టడం

రాడార్ ఒక రేడియో తరంగాన్ని పంపి, అది దేనికైనా తగిలి తిరిగి వస్తే అక్కడ ఏదో ఉందని తెలుసుకుంటుంది. నూతిలోకి కేక వేసి ప్రతిధ్వని వినడం వంటిదే. అయితే భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, నేలకు దగ్గరగా ఎగిరేది దూరం నుంచి రాడార్‌కు కనిపించదు.

దీనికి ఒక చిన్న సూత్రం ఉంది. రాడార్ ఎత్తుకు వర్గమూలం, ఎగిరే వస్తువు ఎత్తుకు వర్గమూలం కూడి, 4.12తో హెచ్చవేయండి. ఎత్తులు మీటర్లలో వేస్తే జవాబు సుమారుగా కిలోమీటర్లలో వస్తుంది. రాడార్ 10 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. 10,000 మీటర్ల ఎత్తున ఎగిరే విమానం 425 కిలోమీటర్ల దూరం నుంచే దాని చూపు పరిధిలోకి వస్తుంది. అదే 50 మీటర్ల ఎత్తున వచ్చే డ్రోన్ అయితే 42 కిలోమీటర్ల దాకా రానే రాదు. ఆ డ్రోన్ గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వస్తే మనకు మిగిలేది 14 నిమిషాలు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రూయిజ్ క్షిపణి అయితే మూడు నిమిషాలు కూడా ఉండదు.

2003 మార్చి 29 తెల్లవారుజామున కువైట్ నగరంలో జరిగింది ఇదే. ఆ యుద్ధంలో ఇరాక్ నుంచి ఆకాశమంత ఎత్తుకు లేచి వచ్చిన క్షిపణులను పేట్రియాట్ దళాలు కూల్చాయి. కానీ సముద్రం మీదుగా నీళ్లను రాసుకుంటున్నట్లు తక్కువ ఎత్తున వచ్చిన ఒక క్షిపణి మాత్రం తప్పించుకుని, మనమంతా షాపింగుకు వెళ్లే సూక్ షర్క్ దగ్గర పడింది. అర్ధరాత్రి దాటిన వేళ కాబట్టి ప్రాణాలు పోలేదు. పైకి చూసే కాపలాదారు కాళ్ల కింద నుంచి వచ్చిన దొంగను చూడలేకపోయాడు.

డ్రోన్‌కు ఇంకో సౌలభ్యం, చిన్న ఒళ్లు. వస్తువు నుంచి తిరిగి వచ్చే తరంగం పదివేల వంతుకు తగ్గితే, రాడార్ దాన్ని పసిగట్టే దూరం పదో వంతుకు పడిపోతుంది. అందుకే ఒక్క రాడార్‌ను నమ్ముకోకుండా కెమెరాలు, వేడిని చూసే పరికరాలు, డ్రోన్ పంపే రేడియో సంకేతాలను వినే పరికరాలు కలిపి వాడతారు. రాడార్ రాకముందు బ్రిటన్‌లో సముద్రపు ఒడ్డున పెద్ద కాంక్రీటు గిన్నెలు కట్టి విమానాల చప్పుడు వినేవారు. వంద ఏళ్లు తిరక్కుండానే యుక్రెయిన్ ఆ పాత ఉపాయాన్నే బయటికి తీసి, వేల మైక్రోఫోన్లను స్తంభాలకు కట్టి, డ్రోన్ ఇంజిన్ల మోతను పట్టుకుంటోంది.

2. గుర్తుపట్టడం

ఏదో వస్తోందని తెలిసింది. సరే, అది పిట్టా? గాలిపటమా? మన విమానమా? శత్రువుదా?

పక్షి రెక్క సెకనుకు కొన్నిసార్లే ఆడుతుంది. డ్రోన్ పంకా నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. తిరిగి వచ్చే తరంగంలో ఆ కంపనం తేడా పట్టి, మంచి రాడార్ రెండింటినీ వేరు చేయగలదు. విమానాల విషయంలో ప్రశ్న-జవాబు పద్ధతి ఉంది. నేల మీది యంత్రం రేడియోలో "నీవెవరు?" అని అడుగుతుంది. విమానంలోని పెట్టె రహస్య సంకేతంతో "మీవాడినే" అని చెబుతుంది.

జవాబు రాకపోతే? 2003 మార్చి 23న కువైట్‌లోని అలీ అల్ సాలెం వైమానిక స్థావరానికి తిరిగి వస్తున్న బ్రిటన్ టోర్నడో విమానాన్ని పేట్రియాట్ వ్యవస్థ శత్రు క్షిపణి అని పొరబడింది. తమ మిత్రుల క్షిపణి తగిలి అందులోని ఇద్దరూ చనిపోయారు. ఆకాశంలో వందల డ్రోన్లు తిరిగే కాలంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. త్వరగా కాల్చకపోతే శత్రువు వచ్చేస్తాడు, తొందరపడి కాలిస్తే మనవాడే పోతాడు. అందుకే యంత్రం ఎంత తెలివైనదైనా ఆఖరి నిర్ణయం ఎవరిదన్నది ఈనాటికీ పెద్ద చర్చే.

3. లెక్క కట్టడం

ఎదురు వచ్చేది ఇప్పుడు ఎక్కడుందో తెలిస్తే చాలదు, మరుక్షణం ఎక్కడుంటుందో తెలియాలి. ఇది కంప్యూటర్ పని. మా వంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎప్పటికీ మరచిపోకూడని కథ ఒకటి ఇక్కడ ఉంది.

1991 ఫిబ్రవరి 25న, కువైట్ విముక్తి యుద్ధం ముగియబోతున్న రోజుల్లో, సౌదీలోని ధహ్రాన్ దగ్గర ఒక స్కడ్ క్షిపణి సైనికుల బస మీద పడి 28 మంది అమెరికన్ సైనికులు మరణించారు. అక్కడ కాపలా ఉన్న పేట్రియాట్ ఒక్క క్షిపణి కూడా ప్రయోగించలేదు. కారణం గడియారం!

ఆ కంప్యూటర్ కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. మనం 1ని 3తో భాగిస్తే 0.333... అని అంతం లేకుండా వస్తుంది కదా! కంప్యూటర్ వాడే ఒకట్లు-సున్నల లెక్కలో పదో వంతు కూడా అలాగే అంతం కాదు. 24 అంకెల దగ్గర దాన్ని కత్తిరించారు. అలా ప్రతి పదో వంతుకూ పోయింది సుమారు 0.000000095 సెకను. ఏమంత? కానీ ఆ యంత్రాన్ని ఆపకుండా 100 గంటలు నడిపారు. 100 గంటల్లో పదో వంతులు 36 లక్షలు. హెచ్చవేసి చూడండి, 0.34 సెకను వస్తుంది. స్కడ్ సెకనుకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా పోతుంది. అందుకని రాడార్ అర కిలోమీటరుకు పైగా తప్పు చోట వెతికింది. అక్కడ ఏమీ కనపడక ఊరుకుంది.

ఈ లోపం ఉందని ముందే తెలిసింది. ఎక్కువసేపు నడిపితే గురి తప్పవచ్చని దళాలకు కబురు కూడా పంపారు. ఎంతసేపు నడిపితే ఎక్కువో మాత్రం చెప్పలేదు. అప్పుడప్పుడు ఆపి మళ్లీ మొదలుపెట్టి ఉంటే గడియారం సరిపోయేది. సరిదిద్దిన ప్రోగ్రాం ధహ్రాన్ చేరింది ఫిబ్రవరి 26న. ఒక్క రోజు ఆలస్యం. "ఇంత చిన్న తేడాకు మార్కులు తీసేస్తారా?" అని లెక్కల పరీక్ష తరవాత అడిగే పిల్లలకు మేము ఈ కథే చెబుతాం.

4. అడ్డుకోవడం

మూడూ సరిగా జరిగాక ఇక ఆపడం. ఇందులో ఐదు దారులున్నాయి. ప్రతిదానికీ ఒక బలం, ఒక బలహీనత.

క్షిపణి: గురి గొప్పది, ఖరీదూ గొప్పదే. కొత్తరకం పేట్రియాట్ క్షిపణి ఒక్కటి సుమారు 40 లక్షల డాలర్లు. షాహెద్ వంటి దాడి డ్రోన్ 20 వేల నుంచి 50 వేల డాలర్లని అంచనా. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మన పెద్దలు అన్నది అచ్చం ఇదే. పిచ్చుకలు గుంపుగా వస్తే బ్రహ్మాస్త్రాలు ముందు అయిపోతాయి.

ఫిరంగి: చవక. 1944లో లండన్ మీదికి జర్మనీ పంపిన మనిషి లేని వి-1 బాంబులను రాడార్‌తో గురిపెట్టే ఫిరంగులు, లక్ష్యం దగ్గరకు రాగానే తమంతట తామే పేలే గుండ్లు చాలావరకు కూల్చాయి. 2025 మే నెలలో పాకిస్తాన్ నుంచి వచ్చిన డ్రోన్ల మీద భారత సైన్యం ఎల్-70 అనే పాతకాలపు ఫిరంగులను కొత్త పరికరాలు అమర్చి వాడింది. అయితే వాటి పరిధి కొద్ది కిలోమీటర్లే. పైగా కూలిన ముక్కలు ఎవరో ఒకరి మీద పడతాయి.

జామింగ్: డ్రోన్‌కూ దాన్ని నడిపేవాడికీ మధ్య రేడియో సంబంధాన్ని, లేదా అది దారి తెలుసుకునే జీపీఎస్‌ను గోలతో ముంచెత్తడం. తూటా ఖర్చు లేదు. కానీ అదే జీపీఎస్‌తో ఓడలు, విమానాలు, మన కార్లు కూడా నడుస్తాయి. 2025 జూన్‌లో గల్ఫ్ జలాల్లో ఎన్నో ఓడలు తామెక్కడున్నాయో తెలియక తికమకపడ్డాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు కాకుండా చూసుకోవాలి. ఇప్పుడు సన్నని ఫైబర్ తీగను వెంట లాక్కుంటూ పోయే డ్రోన్లూ వచ్చాయి. వాటికి రేడియో అక్కరలేదు, జామింగ్ పనిచేయదు.

డ్రోన్ మీదికి డ్రోన్: చవకదాన్ని చవకదానితోనే గుద్దించడం. యుక్రెయిన్ దీన్ని పెద్దయెత్తున వాడుతోంది.

లేజర్: ఇక్కడ మనవాళ్ల సంగతి చెప్పాలి. 2025 ఏప్రిల్ 13న మన కర్నూలు జిల్లాలోని నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో డి.ఆర్.డి.ఓ. శాస్త్రజ్ఞులు లేజర్ కిరణంతో డ్రోన్లను కాల్చి కూల్చి చూపించారు. దీని వెనుక ఉన్న 'చెస్' అనే పరిశోధనాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఆకాశ్ క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ కూడా హైదరాబాద్ సంస్థే. లేజర్‌కు ఒక్కో దెబ్బకు అయ్యేది కరెంటు ఖర్చే. కానీ కాంతి కదా, పొగమంచు, దుమ్ము ఉంటే చెదిరిపోతుంది. కువైట్‌లో దుమ్ము తుఫాను వచ్చిన రోజు ఎదురింటి కిటికీ కనపడదు. లేజర్ పరిస్థితీ అంతే!

మరి మనం?

అన్నిటినీ ఆపే ఒక్క గొడుగు లేదు. ఒకదాని లోపాన్ని ఇంకొకటి కప్పేలా పొరలు పొరలుగా పేర్చుకోవడమే ఉన్న మార్గం. ఆ పొరల్లో ఆఖరిది మామూలు మనుషుల జాగ్రత్త.

సైరన్ మోతల్లో దేనికి ఏమి అర్థమో కువైట్ సివిల్ డిఫెన్స్ వారు చెప్పినట్లు ఇంట్లో అందరూ తెలుసుకోండి. మోగితే కిటికీల దగ్గర నిలబడి వీడియోలు తీయవద్దు. కూలిన వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి. వాట్సాప్‌లో వచ్చినదాన్ని నిర్ధారణ లేకుండా ఇంకొకరికి పంపవద్దు. గుర్తుపట్టకుండా కాల్చడం ఎంత ప్రమాదమో, గుర్తుపట్టకుండా ఫార్వర్డ్ చేయడం కూడా అంతే. ఆట డ్రోన్ అయినా ఇక్కడ అనుమతి లేకుండా ఎగరేయవద్దు. ఊరికి కానుకగా తీసుకెళ్లే ముందు నియమాలు చూసుకోండి. భారత ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది.

డ్రోన్ తనంతట తాను చెడ్డది కాదు. మన ఊళ్లలో పొలాలకు మందు చల్లేది కూడా డ్రోనే. మీలో ఎవరైనా రేపు ఇంజినీరై దాన్ని చేసినా, దాన్ని ఆపే యంత్రం చేసినా, ఆ యంత్రం కింద కాపురాలుంటాయని గుర్తుంచుకుని లెక్క రెండుసార్లు సరిచూసుకోండి.

ఇంట్లో చేసి చూడండి

1. రాడార్‌ను 40 మీటర్ల స్తంభం మీద పెడితే, 50 మీటర్ల ఎత్తున వచ్చే డ్రోన్ ఎంత దూరంలో కనిపిస్తుంది? మనకు ఎన్ని నిమిషాలు అదనంగా దొరుకుతాయి?

2. పేట్రియాట్ గడియారం 8 గంటలే నడిచి ఉంటే తేడా ఎంత?

3. 40 లక్షల డాలర్లకు 20 వేల డాలర్ల డ్రోన్లు ఎన్ని వస్తాయి?

4. ఆఖరి నిర్ణయం యంత్రానిదా, మనిషిదా? మీ అమ్మానాన్నలతో తెలుగులోనే వాదించి, పది వాక్యాలు రాసి తరగతికి తీసుకురండి.