పూల్ బల్ల మీద నేర్పు, నిజాయితీ

వేసవి సెలవుల్లో అరుగు మీద నలుగురు పిల్లలు చేరితే క్యారమ్ బోర్డు బయటికి వస్తుంది. పౌడరు చల్లుతారు, కాయలు పేరుస్తారు, ఆట మొదలవుతుంది. ఆ ఆటలో అప్పుడప్పుడు ఒక చిక్కు వస్తుంది. స్ట్రైకరు కాయకు తగిలిందో లేదో, చెయ్యి పొరపాటున మరో కాయను కదిపిందో లేదో ఎదుటివారికి సరిగా కనబడదు. కొట్టినవాడికి మాత్రం తెలుసు. "తగిలిందా?" అని అడుగుతారు. వాడు చెప్పిన జవాబును బట్టే ఆట ముందుకు సాగాలి. పెద్ద మొత్తాల బహుమతులున్న పోటీలలో, పేరుపొందిన ఆటగాళ్ళ మధ్య కూడా ఇదే చిక్కు వచ్చే ఆట ఒకటి ఉంది. అది పూల్.

పూల్ అనగానే నీటికొలను గుర్తుకు రావచ్చు. ఈ పేరుకూ నీటికీ సంబంధం లేదు. అందరూ వేసిన పందెం సొమ్మును ఒకచోట పోగుచేస్తే ఆ పోగును ఇంగ్లీషులో పూల్ అనేవారు. పూర్వం అమెరికాలో గుర్రప్పందాల మీద డబ్బు కాసే గదులుండేవి. పందెం ఫలితం తెలిసేదాకా జనానికి పొద్దుపోవాలని అక్కడ బిలియర్డ్స్ బల్లలు వేశారు. గదికి ఉన్న పేరు క్రమంగా ఆటకు అంటుకుంది. పేరుతోపాటు కొంత చెడ్డపేరు కూడా అంటుకుంది.

ఈ కుటుంబంలోనే మరొక ఆట స్నూకర్. అది పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్పూరులో ఉన్న ఇంగ్లీషు సైనికాధికారి నెవిల్ చేంబర్లేన్ దాన్ని రూపొందించాడు. (అదే పేరుతో తరవాత బ్రిటన్ ప్రధాని అయినవాడు ఇతడు కాడు.) ఆ ఆట నియమాలు కుదురుకొన్నది తమిళనాడులోని ఊటీ క్లబ్బులో. స్నూకర్ బల్ల పన్నెండు అడుగుల పొడవుంటుంది. పోటీలలో వాడే పూల్ బల్ల తొమ్మిది అడుగులే. పూల్ బంతులు కొంచెం పెద్దవి, పాకెట్లు కూడా వెడల్పుగానే ఉంటాయి. అందువల్ల పూల్ సులువైన ఆట అని కొందరు అనుకుంటారు. ఒక్కసారి ఆడి చూసినవారు ఆ మాట మళ్ళీ అనరు.

పూల్‌లో చాలా రకాలున్నాయి. వృత్తి ఆటగాళ్ళ పోటీలలో ఎక్కువగా కనిపించేది నైన్ బాల్. ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు వేసిన రంగు బంతులు తొమ్మిది, అంకె లేని తెల్లబంతి ఒకటి ఉంటాయి. ఆటగాడు కర్రతో తెల్లబంతిని మాత్రమే కొట్టాలి. అది వెళ్ళి బల్ల మీద ఉన్నవాటిలో అతి చిన్న అంకె ఉన్న బంతిని ముందుగా తాకాలి. తాకిన తరవాత ఏదో ఒక బంతి పాకెట్‌లో పడాలి, లేదా ఏదైనా ఒక బంతి బల్ల అంచును తాకాలి. అలా జరగకపోతే తప్పు. కొట్టే సమయంలో కనీసం ఒక పాదమైనా నేలమీద ఉండాలి. ఒకరు తప్పు చేస్తే ఎదుటివాడు తెల్లబంతిని చేతిలోకి తీసుకొని బల్ల మీద తనకు నచ్చినచోట పెట్టుకోవచ్చు. గొప్ప ఆటగాడి చేతికి అలా అవకాశమిస్తే ఆ ఆట దాదాపు పోయినట్లే. నియమం ప్రకారం తొమ్మిదో బంతిని పాకెట్‌లో వేసినవాడు ఆ ఆట గెలుస్తాడు. ఇలాంటి ఒక్కొక్క ఆటను ర్యాక్ అంటారు. ముందుగా నిర్ణయించినన్ని ర్యాకులు ఎవరు గెలిస్తే పోటీ వారిది.

కొత్తగా చూసేవారి కళ్ళు పాకెట్‌లో పడే రంగు బంతి మీద ఉంటాయి. తెలిసినవారు తెల్లబంతిని చూస్తారు. ఒకటో బంతిని పడగొట్టడం గొప్ప కాదు, పడగొట్టాక తెల్లబంతి ఎక్కడ ఆగిందన్నదే అసలు విషయం. అది రెండో బంతికి అనువైన చోట ఆగాలి. ఆ చోటు కూడా రెండోదాన్ని కొట్టాక మూడోదానికి దారి దొరికేలా ఉండాలి. కనుక మంచి ఆటగాడు ఎప్పుడూ మూడు బంతులను కలిపి ఆలోచిస్తాడు.

తెల్లబంతిని మాట వినేలా చేసేది కర్ర కొన. ఆ కొనకు తోలుముక్క అంటించి ఉంటుంది. జారిపోకుండా దానికి సుద్ద రాస్తారు. బంతి నడిమికి కొంచెం పైన కొడితే తెల్లబంతి రెండో బంతిని తాకిన తరవాత కూడా ముందుకు దొర్లుతుంది. కింద కొడితే వెనక్కి వస్తుంది. ముందుకూ వెనక్కూ తిరుగుడు లేకుండా వెళ్ళి ఒక పక్కన తాకిందంటే రెండు బంతులూ ఇంచుమించు లంబకోణంలో విడిపోతాయి. కుడివైపో ఎడమవైపో కొడితే అంచును తాకినప్పుడు దాని దారి మారుతుంది. ఇదంతా గణితమే. అయితే కర్ర కొన బంతిని అంటి ఉండేది సెకనులో సుమారు వెయ్యోవంతు సేపు. లెక్కలు వేసుకొనే వ్యవధి అక్కడ లేదు. వేలసార్లు కొట్టిన చెయ్యి తనకు తానే ఆ లెక్క నేర్చుకొంటుంది.

అదృష్టం సంగతి ఏమిటి? నైన్ బాల్‌లో దానికి కొంత చోటుంది, ఒప్పుకోవాలి. అదృష్టానికి అంతగా చోటివ్వని రకం కూడా ఉంది. అందులో ఏ బంతిని ఏ పాకెట్‌లో వేయబోతున్నాడో ఆటగాడు ముందుగా చెప్పాలి. చెప్పినది పడకపోతే వంతు పోతుంది. 1954లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో విల్లీ మోస్కోనీ ఇలా ముందే చెప్పి ఒక్కటి కూడా తప్పకుండా 526 బంతులు వరుసగా వేశాడు. చూసినవారు అది నిజమని సంతకాలు చేసి పత్రం రాసి ఇచ్చారు. 65 ఏళ్ళ తరవాత 2019లో జాన్ ష్మిట్ 626 బంతులు వేసి దాన్ని దాటాడు.

నేర్పుకు మరొక ముఖం కూడా ఉంది. తనకు కొట్టే దారి లేనప్పుడు ఆటగాడు తెల్లబంతిని వేరే బంతుల చాటున దాచి వంతు వదిలేస్తాడు. ఇది పిరికితనం కాదు, నియమాలకు లోబడిన ఎత్తు. చదరంగంలో రాజును చాటుకు జరుపుకోవడం లాంటిది. ఇప్పుడు చిక్కు ఎదుటివాడిది. కొట్టాల్సిన బంతి సూటిగా కనబడదు. అంచులకు కొట్టి, తిప్పి తాకించాలి. తాకించడమే కష్టం, పాకెట్‌లో వేయడం మాట దేవుడెరుగు.

అలాంటి దెబ్బకు పేరుపొందినవాడు ఎఫ్రెన్ రెయెస్. ఫిలిప్పీన్స్ దేశంలోని పంపంగలో 1954లో పుట్టాడు. చిన్నతనంలోనే మనీలాలో బంధువు నడిపే పూల్ హాలుకు చేరాడు. బల్ల అందక శీతల పానీయాల పెట్టెలు వేసుకొని వాటిమీద నిలబడి ఆడేవాడు. రాత్రి అదే బల్ల మీద పడుకొనేవాడు. అక్కడివారు 'బాటా' అని పిలిచేవారు. వారి భాషలో బుడతడు అని అర్థం. 1995లో అమెరికాలోని రీనో నగరంలో జరిగిన పోటీ ఫైనల్‌లో అతడూ ఎర్ల్ స్ట్రిక్లాండూ చెరి 12 ర్యాకులు గెలిచి సమంగా నిలిచారు. మిగిలింది ఒక్క ర్యాక్. స్ట్రిక్లాండ్ తెల్లబంతిని దాచి ఇచ్చాడు. రెయెస్ కొట్టాల్సింది అయిదో బంతి, దానికి సూటి దారి లేదు. అతడు బల్లను కాసేపు చూసి కొట్టాడు. తెల్లబంతి రెండు అంచులను తాకి, ఇంగ్లీషు జెడ్ అక్షరంలా తిరిగి వచ్చి, అయిదో బంతిని పాకెట్‌లో వేసింది. తక్కినవాటిని కూడా వేసి రెయెస్ పోటీ గెలిచాడు. ఆ మరుసటి ఏడాది హాంకాంగ్‌లో ఈ ఇద్దరే మళ్ళీ తలపడ్డారు. ముందుగా 120 ర్యాకులు గెలిచినవారికి లక్ష డాలర్లు. మూడు రోజులు ఆడారు. రెయెస్ 120, స్ట్రిక్లాండ్ 117. 1999లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో రెయెస్ ప్రపంచ విజేత కూడా అయ్యాడు. బంతి తప్పినప్పుడు చిరాకుపడక తల గోక్కుంటూ నవ్వడం అతని అలవాటు. ఆ నవ్వు వల్లనే అతన్ని ప్రేమించినవారు ఎందరో.

అయితే రెయెస్ కథలో మరో ఘట్టం ఉంది. దాన్ని దాచి అతన్ని పొగడడం సరికాదు. 1985లో అతడు అమెరికా వచ్చి హ్యూస్టన్ నగరంలో ఒక పోటీలో ఆడాడు. అతని పేరు అప్పటికే అక్కడివారికి చేరింది. ఆ పేరు వింటే ఎవరూ ఎదుట నిలవరనే భయంతో 'సీజర్ మొరాలెస్' అనే మారుపేరు పెట్టుకొని ఆడి, గెలిచాడు. పూల్ లోకంలో ఈ కథను ముచ్చటగా చెప్పుకొంటారు. ఎందుకంటే ఆ లోకం పందెం గదుల నుంచి వచ్చింది. ఆ గదుల్లో బలాన్ని దాచడమే తెలివి. చేతగానివాడిలా నటించి, చిన్న పందేలు ఓడి, ఎదుటివాడికి ఆశపుట్టించి, చివరకు పెద్ద పందెం లాగేసుకొనేవారు. 1961లో వచ్చిన 'ది హస్లర్' అనే సినిమా ఈ బతుకునే చూపించింది. అక్కడ ఓడినవాడు ఆటలో ఓడాడా, మోసంలో ఓడాడా? మారుపేరుతో గెలిచినవాడి చేతిలో ఓడినవారికి కూడా ఈ ప్రశ్న అడిగే హక్కు ఉంది.

వృత్తి పోటీలు పెరిగేకొద్దీ దాచే అవసరం పోయింది. విజేతలెవరో, ఎవరి బలం ఎంతో అందరికీ తెలుసు. బలాన్ని దాచే అవసరం పోయినా తప్పును దాచే అవకాశం మాత్రం మిగిలింది.

ఫైనల్ ఆటలకు రిఫరీ ఉంటాడు. కాని పెద్ద పోటీల తొలి రోజుల్లో పదుల బల్లల మీద ఒకేసారి ఆటలు జరుగుతాయి. ప్రతి బల్లకూ రిఫరీ ఉండడు. ఆడే ఇద్దరే తీర్పరులు. ఒకరు ఆడుతుంటే రెండోవాడు కుర్చీలో కూర్చోవాలి. కొట్టేవాడి చూపుకు అడ్డంగా కదలడం, మాట్లాడటం, కర్ర చప్పుడు చేయడం మర్యాద కాదు. (1994లో మొదలైన మోస్కోనీ కప్పులో ప్రేక్షకులు కేకలు వేస్తారు. అది వేరే సంగతి, అక్కడ కూడా ఆటగాడు కూర్చోవాల్సింది కుర్చీలోనే.) గెలుపు ఇంకా తేలకముందే కర్ర మరలు విప్పితే ఓటమి ఒప్పుకొన్నట్లు లెక్క. ఇన్ని కట్టుబాట్లున్నాయి కనుక కుర్చీలో ఉన్నవాడు దూరం నుంచి చూడటమే తప్ప చేయగలిగింది లేదు.

అంత దూరం నుంచి ఏం కనబడుతుంది? తెల్లబంతి మరో బంతికి అతి దగ్గరగా ఉన్నప్పుడు కర్ర కొన దాన్ని రెండుసార్లు తాకవచ్చు. అది తప్పు. చొక్కా అంచు తెల్లబంతిని వెంట్రుకవాసి కదపవచ్చు. అదీ తప్పే. రెండు బంతులు పక్కపక్కన ఉంటే తెల్లబంతి ముందుగా దేన్ని తాకిందో చెప్పడం కష్టం. తరవాతి దెబ్బ పడేలోగా ఎవరూ తప్పు ఎత్తి చూపకపోతే తప్పు జరగనట్లే లెక్క. ఇద్దరికీ మాట కలవకపోతే, చూసిన మూడోవారు లేకపోతే, కొట్టినవాడి మాటే చెల్లుతుంది. అంటే నియమం అతన్ని నమ్మింది. ఎవరి మాట వల్ల ఎవరికి లాభమో తెలిసి కూడా నమ్మింది.

అందుకే మంచి ఆటగాళ్ళు ఎదుటివాడు గమనించకముందే "తప్పు నాది" అని తెల్లబంతిని తీసి అతని చేతికిస్తారు. చప్పట్ల కోసం చేసే పని కాదు. చాలాసార్లు చుట్టూ చప్పట్లు కొట్టేవారే ఉండరు. ఆ ఒక్క మాటతో ర్యాక్ పోవచ్చు, పోటీ పోవచ్చు. విదేశం నుంచి సొంత ఖర్చులతో వచ్చినవాడికి టికెట్టు డబ్బులు కూడా రాకపోవచ్చు. ఇంత బరువు మోస్తూ ఆ మాట అనాలి.

మరో నియమం వింటే వింతగా ఉంటుంది. వరుసగా మూడు తప్పులు చేసినవాడు ఆ ర్యాక్ ఓడిపోతాడు. కాని రెండు తప్పులయ్యాక, మూడోసారి కొట్టబోయే ముందు, "నీకు రెండు తప్పులయ్యాయి" అని అతనికి గుర్తుచేయాలి. రిఫరీ లేనిచోట ఆ పని ప్రత్యర్థిదే. ఎదుటివాడు మరచిపోయాడు, ఇంకొక్క తప్పు చేస్తే గెలుపు తనదే, అయినా లేచి హెచ్చరించాలి. హెచ్చరించకుండా మూడో తప్పు పేరుతో గెలుపు అడగడానికి వీల్లేదు.

అనుమానం వచ్చే దెబ్బ ఎదురైనప్పుడు అనుభవమున్న ఆటగాడు కర్ర ఎత్తడు. ముందుగా కుర్చీ వైపు తిరిగి, "ఇది దగ్గర వ్యవహారం, వచ్చి చూడు" అంటాడు. పక్క బల్ల దగ్గర ఖాళీగా ఉన్నవారెవరైనా ఉంటే వారిని పిలుస్తారు. వచ్చినవాడు వంగి, రెండు బంతుల మధ్య సందును చూస్తూ నిలబడతాడు. కొట్టేవాడు అప్పుడు సుద్ద పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి, కర్రను వెనక్కి లాగుతాడు.

అభ్యాసం

పూల్ అనే పేరు ఆటకు ఎలా వచ్చింది? ఆ పేరుతో వచ్చిన చెడ్డపేరుకు కారణమేమిటి?

తెలిసినవారు రంగు బంతిని కాక తెల్లబంతిని ఎందుకు చూస్తారో మీ మాటల్లో రాయండి.

మారుపేరుతో ఆడి గెలవడం తప్పా, కాదా? తరగతిలో రెండు పక్షాలుగా విడిపోయి చర్చించండి.

క్యారమ్స్, గోళీలు, కబడ్డీ వంటి ఆటలలో ఆడినవారికే తెలిసే తప్పులేవి? మీ ఊరిలో వాటికి వాడే మాటలను ఇంట్లో పెద్దలను అడిగి రాసుకొని రండి.