మందుకూ ఒక వేళ

వాము, శొంఠి, జీలకర్ర, కరక్కాయ మన ఇళ్లల్లోనే ఉండే మందులు. ఏ బాధకు ఏది వాడాలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఎప్పుడు వేసుకోవాలి అని మాత్రం మనం అంతగా అడగం. మన పాత వైద్యులు ఈ ప్రశ్నకు చాలా విలువ ఇచ్చారు. మందు వేసుకునే సమయాన్ని ‘ఔషధ సేవన కాలం’ అన్నారు. సుశ్రుత సంహిత, అష్టాంగ హృదయం ఇలాంటి వేళలు పది చెప్పాయి. శార్ఙ్గధర సంహిత అయిదు చెప్పింది. వాటిలో మనకు పనికివచ్చే అయిదింటిని తెలుగు మాటలతో కలిపి నేర్చుకుందాం.

1. అభక్తం: భక్తం అంటే అన్నం. కడుపులో అన్నం లేని వేళ అభక్తం. మన మాటల్లో పరగడుపు.

2. ప్రాగ్భక్తం: ప్రాక్ + భక్తం, జశ్త్వసంధి. భోజనానికి ముందు అని అర్థం. ఆకలి మందగించినప్పుడు చిన్న అల్లం ముక్కను ఉప్పుతో నమలడం ఈ వేళకు చెందినది.

3. గ్రాసం: అంటే ముద్ద. వేడి అన్నంలో శొంఠిపొడో వాముపొడో నెయ్యితో కలిపి మొదటి ముద్దగా తినడం మన ఇళ్లల్లో ఉన్నదే. శాస్త్రం చెప్పిన వేళను మన విస్తరి ఎప్పుడో తనలో కలుపుకుంది.

4. అధోభక్తం: భోజనం అయ్యాక. సోంపు నమలడం, జీలకర్ర కాచిన నీళ్లు తాగడం ఇందులోకి వస్తాయి.

5. నిశి: రాత్రి, పడుకోబోయే ముందు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల పెచ్చులు కలిపి కొట్టిన త్రిఫల చూర్ణాన్ని మలబద్ధకానికి ఎక్కువగా ఈ వేళలోనే గోరువెచ్చని నీళ్లతో తీసుకుంటారు. అది పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. రాత్రి వేసుకుంటే ఉదయానికి ఫలితం కనిపిస్తుంది.

మందును దేనితో తీసుకుంటామో దాన్ని ‘అనుపానం’ అంటారు. నీళ్లు, పాలు, తేనె, నెయ్యి ఇలాంటివి. నిద్ర కోసం పెద్దవాళ్లు పెన్నేరు గడ్డ పొడిని, అంటే అశ్వగంధను, రాత్రి పాలతో తీసుకుంటారు. ఇది పిల్లలు సొంతంగా వేసుకోదగినది కాదు. గర్భిణులు, థైరాయిడ్ లేదా కాలేయ జబ్బు ఉన్నవాళ్లు వైద్యుణ్ణి అడగకుండా తీసుకోకూడదు. పాలలో వేసే జాజికాయ కూడా అంతే. చిటికెడు దాటితే గుండెదడ, మతిభ్రమ కలగవచ్చు. పసిపిల్లలకు అసలు వద్దు.

వేళ ఒక్క మందుకే కాదు, తిండికీ ఉంది. పరీక్షల రోజుల్లో మనం సాయంత్రం 5 గంటలకు టీ తాగితే అందులోని కెఫీన్‌లో సుమారు సగం రాత్రి 10 గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుంది. పైన ఏ పాలు తాగినా నిద్ర రాకపోవడంలో వింత లేదు. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే భోజనం ముగిస్తే సగం బాధ మందు లేకుండానే పోతుంది. మరో సంగతి: టీలోనూ త్రిఫలలోనూ టానిన్లు ఉంటాయి. అవి ఇనుము ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి. అందుకే బడిలో ఇచ్చే ఐరన్ మాత్రకూ వీటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచుదాం.

మందు వేయకూడని వేళ కూడా ఒకటి ఉంది. దాన్ని అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవాలి. కడుపునొప్పి ఆగకుండా పెరుగుతున్నా, బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగుతున్నా, దానికి జ్వరం, వాంతులు తోడైనా అది అపెండిసైటిస్ కావచ్చు. అప్పుడు ‘కడుపు శుభ్రమైతే తగ్గుతుంది’ అని త్రిఫలో ఆముదమో ఇస్తే లోపల అపెండిక్స్ పగిలే ప్రమాదం ఉంది. ఆ పిల్లవాడికి కావలసింది ఆసుపత్రి. హాస్టల్‌లో ఉన్నవాళ్లు నొప్పిని దాచుకోకుండా వెంటనే వార్డెన్‌కు చెప్పాలి. మలంలో రక్తం కనబడినా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా వైద్యుడి దగ్గరికే వెళ్లాలి.

బదిలీల మీద ఊరూరూ తిరిగే మనబోటి కుటుంబాలకు ఒక సదుపాయం ఉంది. మన వామును తమిళులు ఓమం అంటారు, మలయాళీలు అయమోదకం అంటారు. ఒడిశాలో అది జువాణి, బెంగాల్‌లో జోయాన్, హిందీలో అజ్వాయిన్. పేరు మారినా గింజ అదే. పక్క బెంచీలో కూర్చున్న స్నేహితుడి ఇంట్లో కూడా దానికో వేళ ఉండే ఉంటుంది.

అభ్యాసం

1. మీ ఇంట్లో వాడే మూడు మూలికల పేర్లు రాసి, ఒక్కొక్కటి ఏ వేళ, ఏ అనుపానంతో తీసుకుంటారో పెద్దలను అడిగి రాయండి.

2. వేరే భాష మాట్లాడే స్నేహితుణ్ణి అడిగి అవే మూలికల పేర్లు అతని భాషలో రాయండి.

3. కడుపునొప్పి వచ్చినప్పుడు ఇంటి మందు ఆపి ఆసుపత్రికి వెళ్లవలసిన గుర్తులు ఏవి? ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.