ముట్టకుండా గుండెను కొలవడం

సింధూ,

ఈసీజీ తీసేటప్పుడు ఛాతీకి తీగలు అంటించకుండా గుండెను కొలవలేమా అని అడిగావు. కొలవచ్చు బిడ్డా. తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం నువ్వు ల్యాబులో చూసిందే. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ కండరంలోనూ కరెంటు పారుతుంది, దాంతో అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అది ఎముకనూ బట్టనూ దాటి బయటికొస్తుంది. దాన్ని పట్టి గీసే గీతే మాగ్నెటోకార్డియోగ్రామ్.

చిక్కంతా దాని బలంతోనే. ఛాతీ దగ్గర అది మహా అయితే 100 పికోటెస్లాలు. మన నల్లగొండలో భూమి క్షేత్రం 40 మైక్రోటెస్లాలు దాటుతుంది, అంటే నాలుగు లక్షల రెట్లు. దానికి తోడు కదిలే లారీలు, లిఫ్టులు, కరెంటు లైన్లు. హైదరాబాద్ పోయేటప్పుడు చౌటుప్పల్ దాటుతావు కదా, అక్కడ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్ల అయస్కాంత పరిశీలనాలయం ఉంది. అంతకుముందు 1964 నుంచి హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో కొలుస్తూ వచ్చారు. నగరం పెరిగి, మెట్రో రైలు కూడా వచ్చేసరికి రీడింగుల్లో అలజడి ఎక్కువైంది. అందుకే పాత నల్లగొండ జిల్లాలోని ఈ నేలకు వచ్చారు. భూమి క్షేత్రాన్ని కొలవడానికే ఇంత నెమ్మది కావాలంటే గుండెకు ఎంత కావాలో ఆలోచించు.

1963లో అమెరికాలో బౌలే, మెక్‌ఫీ లక్షల చుట్ల కాయిళ్లు రెండు ఎదురెదురుగా కలిపి ఆ క్షేత్రాన్ని మొదట పట్టారు. దూరం నుంచి వచ్చే అలజడి రెండింటిలోనూ ఒకేలా పడి చెల్లిపోతుంది. దగ్గరున్న గుండెది ఒకేలా పడదు, ఆ తేడా మిగులుతుంది. ఎంత తెలివైన పని! 1969 చివర్లో ఎంఐటీలో డేవిడ్ కోహెన్ కవచపు గదిలో, స్క్విడ్ అనే అతివాహక సెన్సరుతో గీతను తేటగా తీశాడు. ఆ సెన్సరును ద్రవ హీలియంలో, మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఖర్చు అక్కడే. మన దేశంలో కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం వాళ్లు ఈ యంత్రాన్ని సొంతంగా తయారుచేశారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది కడుపులోని బిడ్డ సంగతి. ఏడో నెల ప్రాంతంలో శిశువు ఒంటిమీది తెల్లటి జిడ్డు పొర కరెంటును అడ్డుకుంటుంది, ఈసీజీ సరిగా అందదు. అయస్కాంత క్షేత్రానికి ఆ అడ్డు లేదు. పుట్టకముందే గుండె లయ తప్పితే తెలుస్తుంది.

ఇప్పుడు నీ పని. ఆ ఎదురు కాయిళ్ల ఉపాయాన్ని నువ్వే చేసి చూడు. మోటారు వైండింగ్ షాపులో సన్న రాగి తీగ తెచ్చుకో. సమానంగా రెండు కాయిళ్లు చుట్టి పక్కపక్కన పెట్టు. ముందు ఒక్కదాన్నే గాల్వనోమీటరుకు కలిపి, ముల్లు కదిలేంత దగ్గరలో స్పీకరు అయస్కాంతం ఆడించి చూడు. తర్వాత రెండోదాన్ని తిరగేసి కలిపి, రెండింటికీ సమాన దూరంలో మళ్లీ ఆడించు. ముల్లు ఇంకా ఊగితే చుట్లు సమానంగా లేవన్నమాట. ఎక్కువున్న కాయిల్ నుంచి ఒక్కో చుట్టే విప్పుతూ పో.

మీ తాత