పదునాలుగవ దినము గూర్చి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీ లేఖ మొన్న చేరినది. నాలుగు పుటలు ఆఫీసు సంగతులు వ్రాసి, సంతకమునకు పైన మాత్రము "ప్రతినెలా పదునాలుగో రోజు తప్పకుండా చూసుకుంటున్నాం, అయినా ఏమీ లేదత్తా" అని ఒక్క వాక్యమును ఇరికించితివి. మొన్నటి గృహప్రవేశములో బంధువులెవరో నలుగురి నడుమ "విశేషమేమైనా ఉందా?" యని అడుగగా నీవు వంటింటిలోనికి పోయి చాలసేపటికిగాని వెలుపలికి రాలేదని మీ అమ్మ అంతకుముందే ఫోనులో చెప్పినది. అడిగినవారి పేరు మాత్రము చెప్పలేదు. చెప్పియున్నచో వారికిని ఒక లేఖ వ్రాసియుందును.

నీకు నెలసరి ముప్పదినాలుగు, ముప్పదియైదు దినములకుగాని రాదని నీ పెండ్లికి ముహూర్తము పెట్టునపుడే మేమందరము వేళ్ళమీద లెక్కించితిమి గదా! అట్టి నీకు పదునాలుగవ దినముతో పనియేమి? అండము విడుదలయగుట వచ్చిన నెలసరినిబట్టి కాక రాబోవు నెలసరినిబట్టి లెక్కింపవలసిన సంగతి. దానికి పండ్రెండు మొదలు పదునారు దినములు ముందుగా అది జరుగునని ఒగినో క్యూసాకు అను జపాను వైద్యుడు 1924 లోనే ప్రకటించినాడు. ఆయన సంతానము కోరువారికై ఆ లెక్క కట్టగా, లోకము దానిని సంతానము వలదనువారికై వాడుకొన్నది, అది ఆయనకు బొత్తిగా గిట్టలేదు. ఇరువదియెనిమిది దినముల స్త్రీకి పదునాలుగవనాడైనచో, ముప్పదియైదు దినముల నీకు ఇరువదియొకటవ నాటి దగ్గర. మీరు పదునాలుగవనాడు దీక్షపట్టి, తరువాత వారము అలసి ఊరకుండుచున్నారు, పని అప్పుడున్నది!

మీ అత్తగారు నాలుగవనాటి స్నానమునుండి లెక్కింపుమన్నారని వ్రాసితివి. రక్తము కనబడిన తొలినాడే ఒకటవ దినము. పదునారు రాత్రులను ఋతుకాలమన్న ధర్మశాస్త్రకారులును ఆ తొలినాటినుండియే లెక్కించిరి గనుక ఆ మాట చెప్పినచో ఆమెకు కోపము రాదు. సరిరాత్రులైన కొడుకు, బేసిరాత్రులైన కూతురు అను మాట ఎత్తినచో నవ్వి ఊరకుండుము; ఆ నిర్ణయము తండ్రి బీజములోనున్నది, రాత్రిలో లేదు.

లెక్కకన్న శరీరము చెప్పు గురుతు మేలైనది. నెలసరి వెలిసిన పిమ్మట కొన్నినాళ్ళు పొడిగానుండును. తరువాత జిగురుగా, తెల్లగా స్రావము కనబడును. అండము సమీపించునప్పటికి అది తేటపడి, జారుడై, రెండు వ్రేళ్ళ నడుమ తెగక సాగును, అచ్చముగా గుడ్డులోని తెల్లసొనవలె. మన యింట గుడ్డు గుమ్మము దాటి రాదుగాని, నర్సు కొలువులో నేను చూడని వస్తువున్నదా? ఆ తెల్లసొన నాళ్ళే అసలైనవి. పురుషబీజము ఆ స్రావములో అయిదు దినములవరకు జీవింపగలదు. అండమునకో ఒక్క పగలు, ఒక్క రేయియే ఆయువు. అందుచేత అండమువచ్చిన నాటికొరకు కాచుకొనక, ముందటి రెండు మూడు దినములను విడువకుడు. దినము విడిచి దినమైనను చాలును. కొందరికి పొత్తికడుపులో ఒక ప్రక్క చిన్న పోటు వచ్చును, రాకున్న దిగులు వలదు. ఓవ్యులేషన్ కిట్టులో పరీక్షగీత ప్రక్కగీతయంత ముదురైన పిమ్మట ఒకటి, ఒకటిన్నర దినములలో అండము విడుదలయగును; పీసీఓడీ ఉన్నవారికి మాత్రము ఆ గీత ఊరక ఊరించుటయు కలదు.

ఇక థర్మామీటరు సంగతి. మా తరములో పాదరసపుది. ఒక్క విదిలింపున పాదరసమును దింపుట పెద్ద విద్య, మణికట్టు తిప్పు తీరునుబట్టి ఈ పిల్ల ఏ ఆసుపత్రిలో తర్ఫీదైనదో మా మేట్రనమ్మ చెప్పెడిది. నీకా శ్రమ లేదు. దశాంశములో రెండవ స్థానమును కూడ చూపు డిజిటల్ థర్మామీటరు కొనుము. మేల్కొనగానే, మంచము దిగకముందే, కాఫీ త్రాగకముందే, అల్లునితో పలుకకముందే నాలుక క్రింద పెట్టుకొనుము. ఫోనులో కాదు, గోడమీది క్యాలెండరులో, పాలలెక్క ప్రక్కనే వ్రాయుము. ఫారెన్‌హీటులో 97.4 దగ్గర తిరుగాడుచున్నది అర డిగ్రీ పాటి పెరిగి మూడుదినములు దిగకున్నచో అండము విడుదలయైనదన్నమాట; పదునెనిమిది దినములు దిగకున్నచో నాకు ఫోను చేయుము, అర్ధరాత్రియైనను సరే. అంతయు జరిగిపోయిన పిదప తెలియునది ఎందుకందువు. రెండుమూడు నెలలు వ్రాసినచో నీ దేహపు వరుస నీకు తెలియును. అయితే మూడునాలుగు గంటలైనను ఏకధాటిగా నిద్రింపనివారికి ఆ అంకెలకు అర్థమే లేదు. అమెరికావారి పగటికై నీ రాత్రులను ఇచ్చుకొను ఈ ఉద్యోగమేమి తల్లీ! తెల్లవారి అయిదింటికి వచ్చి, తొమ్మిదింటికి మరల మీటింగట! నైటుడ్యూటీలు చేసిన దానను గనుక చెప్పుచున్నాను. డ్యూటీ మార్పించుకొనుము, కుదరకున్న థర్మామీటరు మానుము, నిద్ర మాత్రము మానకుము.

బెజవాడలో పనిచేయునపుడు ఒక రైల్వేగార్డు భార్య వచ్చెడిది. ఆ యిల్లాలు ఎన్నో మ్రొక్కులు మ్రొక్కినది. డాక్టరమ్మ ఆమె నెలసరి తేదీలను, భర్త డ్యూటీ తేదీలను ఒకే కాగితముమీద వ్రాయించి చూడగా, కావలసిన నాళ్ళలో ఆ మహానుభావుడు ఎప్పుడును బల్లార్షా వైపుననే యుండెడివాడు! తరువాత బిడ్డ పుట్టినదో లేదో నాకు తెలియదు, వారికి బదిలీయైనది. అయినను ఆ కాగితమును చూచి ఆమె నవ్విన నవ్వు గురుతున్నది. అంతవరకు తప్పు తనదేయనుకొన్నది. అల్లుడు ఆ పదునాలుగవనాడు తప్పించి బెంగుళూరునుండి శనివారములకే వచ్చుచున్నాడు గనుక ఈ కథ అతనికిని చదివి వినిపింపుము. అతడును వీర్యపరీక్ష చేయించుకొనవలెను. రెండునాళ్ళకు తక్కువగాక, ఏడునాళ్ళకు మించక ఎడముండి ఇచ్చినచో చాలును, సూదులు లేవు, కోతలు లేవు. నీవు ఎక్స్‌రే గదులచుట్టు తిరిగినపిదప ఆ ముచ్చట ఎత్తుట నాకు సమ్మతము కాదు.

ముప్పదియైదు నిండనివారు ఏడాది చూడవచ్చునందురు. కాని నీకు ఒక్కొక్కమారు నలుబది దినములును పట్టుచున్నవి గనుక ఉగాదివరకు ఆగక ఇప్పుడే డాక్టరును చూడుము, థైరాయిడ్ పరీక్షను అడిగి చేయించుకొనుము. ఫోలిక్ ఆమ్లపు మాత్ర, 400 మైక్రోగ్రాములది, నేటినుండియే దినమునకొకటి. ఆరోగ్యవంతులైన పడుచుదంపతులకు సయితము సరియైన నాళ్ళలో కలిసినను నాలుగైదు నెలలకొకమారే ఫలించు పని ఇది. ప్రతినెల చివరను వంటింటిలోనికి పోయి ఏడ్వనేల? ఏడ్వవలెననిపించినచో ఇక్కడికి రమ్ము, ఇద్దరము కలిసి ఏడ్చి, గుత్తివంకాయకూర చేసికొని తిందము.

శనివారమునాడు అల్లుడు వచ్చిన వెంటనే నాతో మాటలాడింపుము. సిగ్గుపడునేమో, పడనిమ్ము, ఫోను మాత్రము చేతికిమ్ము.

ఆశీస్సులతో,
నీ మేనత్త