రేవు దాటువారికి లైఫ్ జాకెట్టు

గోదావరి పాయల నడుమనున్న లంక గ్రామములలో అనేకములకు నేటికిని పడవయే దారి. పాలు అమ్ముకొనువారు, బడి పిల్లలు, పురిటికి పోవు స్త్రీలు, అందరును రేవు దాటవలసినవారే. ఇట్టి రేవులుగల గ్రామముల పంచాయతీ సభ్యులకొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2018 జూలై 14వ తేదీన పశువుల్లంక వద్ద, బడినుండి ఇండ్లకు మరలుచున్న బాలికలు ఎక్కిన నాటు పడవ, కట్టుచున్న వంతెన స్తంభమునకు తగిలి బోల్తాపడెను. ఆ సాయంత్రము కొందరు బాలికలు ఇల్లు చేరలేదు. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగినప్పుడు ప్రాణములతో బయటపడినవారు 26 మంది. వారిలో పలువురు లైఫ్ జాకెట్టు ధరించియుండుటచేత నీటిపై తేలుచుండగా, తూటుగుంట గ్రామస్థులు తమ పడవలలో పోయి వారిని ఒడ్డునకు చేర్చిరి.

ఒక రేవులో మేము కన్నులార చూచిన సంగతి చెప్పెదము. పడవ వెనుక భాగమున ఇరువదికి పైగా జాకెట్లు త్రాటితో మూటగట్టియున్నవి. ఇదేమని అడుగగా, సరంగు నవ్వి, “తనిఖీకి వస్తే చూపించాలి కదండీ, పోకుండా కట్టేశాం” అని బదులు చెప్పెను. అతనిని నిందింపజాలము. జాకెట్టు పడవలోనున్నచో చాలునని మనలో చాలమంది భావించుచున్నారు. పడవ ఒరగినపిమ్మట జాకెట్టు తొడుగుకొనుట ఎంతటి ఈతగానికైనను కష్టమే. నీటిలో అది పైకి తేలిపోవును. చేతులు ఈదుటకే చాలవు. పట్టీ బిగించుట కెట్లు వీలగును? కావున జాకెట్టును ఒడ్డుననే, పడవలో కాలు పెట్టకముందే ధరింపవలెను. దాటుటకు ఐదు నిమిషములే పట్టును గదా అనువారున్నారు. మునుగుటకు అంతకన్న తక్కువ కాలమే చాలును.

మన పెద్దలు ఎండు సొరబుర్రలు నడుమునకు కట్టి పిల్లలకు ఈత నేర్పిరి. జాకెట్టులోని కిటుకును అదియే. పూర్వము ఓడలవారు బెండుతోను, తరువాత బూరుగు దూదితోను జాకెట్లు కుట్టించెడివారు. నేడు నీరు పీల్చని నురుగు పలకలను ఉపయోగించుచున్నారు. మనిషి శరీరము నీటిలో దాదాపు తేలునట్టిదే. తల నీటిపై నిలుచుటకు మరి నాలుగైదు కిలోల ఎత్తుబలము చాలును. ఈ బలమును న్యూటనులలో కొలిచి జాకెట్టు లోపలి చీటీపై ముద్రింతురు. పది న్యూటనులు అనగా సుమారు ఒక కిలో.

కొనునప్పుడు ఆ చీటీని చదువుట మొదటి పని. 50 న్యూటనులది ఈత వచ్చినవారికి, ఒడ్డునకు దగ్గరగా, సాయము చేయువారు చెంతనున్నచోట పనికివచ్చును. హైదరాబాదు హుస్సేన్ సాగరములో చిన్న తెరచాప పడవలు నడుపు క్రీడాకారుల వంటివారికి అది అనుకూలము, ఏలయన వారు చురుకుగా వంగుచు కదలుచుండవలెను. ఈత వచ్చిన ఆ యువకులే జాకెట్టు లేక నీటిపైకి పోకుండగా, ఈత రాని మన ప్రయాణికుల మాట చెప్పవలెనా? రేవు పడవకు 100 న్యూటనులకు తక్కువ కానిది, మెడ వెనుక దిండువంటి పట్టు గలది కొనవలెను. స్పృహ తప్పినవానిని సైతము వెల్లకిల త్రిప్పి ముఖము పైకుండునట్లు చేయుటకే అది ఉద్దేశింపబడినది. గాలి ఊదు రబ్బరు చక్రములు ఆటవస్తువులు, వీనిని నమ్మరాదు. గ్యాసు బుడ్డితో తనంతట ఉబ్బు జాకెట్లకు నిపుణుల తనిఖీ తరచు కావలెను గనుక మన రేవులకు తగవు.

చీటీపై ధరించువారి బరువుకూడ వ్రాసియుండును. ఇచ్చటనే పొరపాటు ఎక్కువ జరుగుచున్నది. పెద్దల జాకెట్టు పిల్లవానికి తొడిగినచో వాడు దానిలోనుండి క్రిందికి జారిపోవును. బడిపిల్లలు దాటు రేవునకు వారి బరువునకు సరిపోవు చిన్న కొలతలవి వేరుగా కొనితీరవలెను. పసిబిడ్డను తల్లి జాకెట్టు లోపల పెట్టి పట్టీ బిగించుట మిక్కిలి ప్రమాదకరము. బిడ్డకు బిడ్డదే ఉండవలెను.

ధరించు విధము కష్టమైనది కాదు. పుస్తకముల సంచి మొదట భుజమునుండి తీసివేయవలెను. స్త్రీలు పైట కొంగును నడుమున దోపి దానిపై జాకెట్టు తొడుగవలెను. జాకెట్టుపై శాలువ కప్పరాదు. ముందరి కొక్కెములన్నియు పెట్టి, ప్రక్క పట్టీలను ఊపిరి ఆడునంత బిగువుగా లాగి, కాళ్ల సందునుండి వచ్చు పట్టీ ఉన్నచో దానినికూడ తగిలింపవలెను. పిదప మరియొకరు భుజములవద్ద జాకెట్టును పట్టి పైకెత్తి చూడవలెను. అది చెవులవరకు లేచినచో వదులుగా నున్నదని అర్థము. పడవకు ఒకరిని ఈ పరీక్షకై ఒడ్డున నిలిపినచో, ఒక్కొక్క ప్రయాణికునికి అర నిమిషముకన్న పట్టదు. రేవు పాట షరతులలో ఈ ఏర్పాటును చేర్చుటకు పంచాయతీ వెనుదీయరాదని మా అభిప్రాయము.

ఉక్కపోత, చెమట వాసన అని కొందరు జాకెట్టును త్రోసివేయుదురు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. వారమునకొకసారి మంచినీటితో కడిగి నీడన ఆరవేసినచో అది చాలవరకు తీరును. ఎండలో పడవేసిన గుడ్డ పెళుసెక్కును. జాకెట్టును పీటవలె వేసికొని కూర్చున్నచో లోపలి పలకలు నలిగి బలము తగ్గును. ఏటేట వరదలకు ముందు చెరువులో ఒక పరీక్ష చేయవచ్చును: 100 న్యూటనుల పెద్దల జాకెట్టుకు ఎనిమిది కిలోల ఇనుప తూకపురాళ్లు సంచిలో వ్రేలాడగట్టి నీటిలో విడువవలెను. రాత్రి గడచినను తేలుచున్నచో మంచిది. మునిగినదానిని కోసి పారవేయవలెను గాని మరల మూటలో చేర్చరాదు. తెగిన పట్టీని ఇంటి దారముతో కుట్టి వాడుటయు అట్టిదే. ఆ కుట్టు నీటి ఒడుపునకు నిలువదు.