దుంగకు తగిన మిల్లు

కోటబొమ్మాళి

చిరంజీవియగు మేనల్లునికి మేనమామ దీవించి వ్రాయునది.

వజ్రపుకొత్తూరు తోటలలోని పాత చెట్లను అక్కడికక్కడే పలకలుగా కోయించుటకై 48 అంగుళముల చైన్‌సా మిల్లు కొనదలచితివనియు, ఎంత పెద్దదైన నంత మేలని దుకాణదారుడు నచ్చజెప్పెననియు నీవు వ్రాసిన యుత్తరము చూచితిని. నీ పూనిక మెచ్చదగినదే. ఆ కొలత మాత్రము నాకు నచ్చలేదు.

2018 అక్టోబరు 11వ తేది వేకువను తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి, గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచి మన ఉద్దాన ప్రాంతమును చదును చేసినపుడు, కొబ్బరులును, జీడిమామిళ్ళును, పనసలును ఒకదానిపై నొకటి పడియుండగా, వానిని తోట వెలుపలికి చేర్చుటయే రైతునకు పెనుభారమైనది. మిల్లునకు దుంగను మోయుటకు మాఱుగా దుంగ యొద్దకు మిల్లును గొనిపోవు సౌకర్య మొక్కటియే ఈ పరికరమునకు ప్రాణము. బండిత్రోవ గల చోట దీనితో పనియే లేదు. ఏలనన చైన్‌సా గొలుసు ఒక్కొక్క కోతకు సుమారు తొమ్మిది, పది మిల్లీమీటర్ల కఱ్ఱను పొట్టు చేసివేయును, కోతమిల్లులోని బ్యాండ్‌సా అంతకంటె చాల తక్కువ తినును. అంగుళపు పలకలు తీయువానికి ప్రతి మూడు పలకలకు సుమారు ఒక పలక నష్టమన్నమాట. కావున దారి లేని తోటకు మోయదగినంత బరువే మన మెంచుకొను పరిమాణమునకు మొదటి హద్దు. నీవనుకొనునంతటి మిల్లును నడపగల యింజనే పది కిలోల దరి తూగును; గొలుసు తిరుగు బారును, దానిని పట్టు చట్రమును ఆపై బరువు.

ఇక కొలత. మన ప్రాంతపు కలప బేరగాండ్రు దుంగ చుట్టును తాడు వేసి, ఆ తాడును నాలుగు మడతలు చేసి, ఆ మడతను దానిచేతనే హెచ్చించి, పొడవుతో గుణించి ఘనపుటడుగులు కట్టుదురు. ఈ పద్ధతిలో నిజ ఘనమున నూటికి 78 పాళ్ళే లెక్కకు వచ్చును. తక్కినది కొనువాని లాభమో, బెరడు తరుగో, నీ కిష్టమైనట్లు చెప్పుకొనుము. మిల్లు కొనునపుడు మాత్రము ఈ మడత లెక్క మనస్సులోనికి రానీయకుము. 66 అంగుళముల చుట్టుకొలత గల పనసదుంగకు మడత పదియాఱున్నర అంగుళములు, అడ్డుకొలత యన్ననో 21 అంగుళములు. చుట్టుకొలతను 7 చేత హెచ్చించి 22 చేత భాగించిన వచ్చునదే గైడ్ బారు దాటవలసిన వెడల్పు. అదియు దుంగ నడుమ గాక, వేళ్ళ వైపు ఉబ్బిన మొదలి కడ కొలువవలెను. ఆ యుబ్బును ముందుగా చెక్కివేయుదువేని తరువాతి కొలతయే చాలును.

అలాస్కా పేర ప్రసిద్ధమైన యీ చట్రములు 24, 30, 36, 48 అంగుళములని అమ్మబడుచున్నను, ఆ సంఖ్య కోత వెడల్పు గాదు. బారు రెండు కొనలను చట్రపు బిగింపులు పట్టుకొనుటచేత నాలుగైదు అంగుళములు వ్యర్థమగును. ఆ 21 అంగుళముల పనసకు 28 అంగుళముల బారు కావలెను, 30 అయిన నిశ్చింత. చట్రము కొంచెము పెద్దదైనను బాధ లేదు, చిన్న బారును దానిలో బిగింపవచ్చును. చిన్న చట్రమునకు పెద్ద బారు మాత్రము తగదు.

దుకాణమువారు నీకు చెప్పని ముఖ్యవిషయము ఇంజనుది. కొమ్మ నఱకునపుడు కొన్ని క్షణములే శ్రమించు యంత్రము, దుంగను నిలువున చీల్చునపుడు నిమిషముల తరబడి పూర్తి వేగమున, పూర్తి భారముతో పనిచేయవలసియుండును. ఇరువది అంగుళముల బారునకు 60, 70 సి.సి. సరిపోవును, ముప్పది దాటినచో 90 సి.సి.కి తగ్గరాదు, 48 అంగుళములకు 120 సి.సి. యంతటిది కావలెను. నీ వద్దనున్న 58 సి.సి. యంత్రమునకు ఆ చట్రము తగిలించుట గానుగకు మేకపోతును కట్టుటయే. గొలుసును వేఱుగా కొనుము: అడ్డకోత గొలుసు పండ్లు ముప్పది డిగ్రీల వాలున నుండును, నిలువుకోతకు పది డిగ్రీలది వలయును.

నీ తోటలలో నున్నది అధికము కొబ్బరి కదా! దాని మ్రాను అడ్డుకొలత సాధారణముగా పది పండ్రెండు అంగుళములకు మించదు. పైన గట్టి, నడుమ మెత్తన. కాబట్టి అంచు పలకలే దూలములకు, పట్టెలకు పనికివచ్చును, నడిమి భాగమునకై ఆశపడకుము. ఆ కఱ్ఱలో ఇసుకవంటి సిలికా యుండుటచే పండ్లు త్వరగా మొద్దుబాఱును, ఆకురాయి నెప్పుడును జేబులో నుంచుకొనవలెను. దీనికి 20 అంగుళముల బారు పుష్కలము. పెద్ద బారు పనసకు, మామిడికి మాత్రమే. నీ తోట గట్టు మీది చింతమాను ఒక్కదాని కొఱకు 48 అంగుళముల మిల్లు కొనుట వివేకము గాదు. దానిని చైన్‌సాతో నిలువున రెండుగా చీల్చి, ఆ సగములను నీ మిల్లుతో కోయవచ్చును.

నా మాట వినెదవేని, 36 అంగుళముల చట్రము, 90 సి.సి. యంత్రము, 30 అంగుళముల బారొకటి, 20 అంగుళముల బారొకటి కొనుము. మొదటి కోతకు మాత్రము దుంగపై వంకరలేని నిచ్చెననో, పలకనో బిగించి దానిపై చట్రమును నడుపవలెను. ఆ మొదటి ముఖము వంకరైనచో తరువాతి పలకలన్నియు ఆ వంకరనే పొందును. దడికట్టు తీగలు, మేకులు చెట్టులోపల కూరుకొనిపోయి యుండును గనుక ముందుగా వెదకుము. వేళ్ళతో లేచి పడియున్న చెట్టు మ్రానును కోసినంతనే వేరుదిమ్మ దిగ్గున గోతిలోనికి వాలిపోవచ్చును. ఆ వైపున ఎవ్వరిని నిలువనీయకుము, పిల్లలను బొత్తుగా రానీయకుము. చెవులకు, కన్నులకు మూతలు పెట్టుకొనుమని నీకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

నిలిచియున్న చెట్టును కొట్టుటకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టము క్రింద అనుమతి వలయునా యని అటవీశాఖవారి నడుగుము. ఇతరుల దుంగలను కూలికి కోయు తలంపున్నచో కోతమిల్లుల లైసెన్సు సంగతియు విచారించిన పిదపనే డబ్బు చెల్లింపుము.

ఏ జాతి చెట్టు, మొదట చుట్టుకొలత యెంత, చివర యెంత, మ్రాను పొడవెంత యని దుంగవారీగా ఒక కాగితముపై వ్రాసి పంపుము. అంతదనుక బయానా యీయకుము. అక్కకు నా నమస్కారములు.

ఇట్లు,
నీ మేనమామ