పాత పికప్ బండికి పెద్ద టైర్లు: కొనుటకు ముందు చూడవలసిన సంగతులు

మిర్చి కోతలు ముమ్మరముగా సాగుచున్న దినములలో మేము పల్నాడు ప్రాంతమునందలి ఒక గ్రామమునకు వెళ్ళియుంటిమి. రచ్చబండ ప్రక్కన వేపచెట్టు నీడలో పాత పికప్ బండి యొకటి జాకీపై నిలిచియుండెను. దాని యజమానియగు రైతు పట్టణమునుండి నాలుగు పాత రిమ్ములను, వానికి తొడిగిన పెద్ద టైర్లను కొని తెచ్చి నేలపై వరుసగా ఉంచెను. నల్లరంగు పూసిన ఆ టైర్లు నిగనిగలాడుచుండెను.

"నల్లరేగడిలో బండి దిగబడిపోతోందండీ. ఇవి వేస్తే చేను గట్టుదాకా పోతుంది, ఇంకో నాలుగు టిక్కీలు కూడా లాగుతుంది" అని ఆయన సంతోషముతో మాతో చెప్పెను.

పంక్చర్ల పని చేయు వృద్ధుడొకడు ఒక టైరును పొర్లించి, దాని ప్రక్కభాగమును తడిగుడ్డతో తుడిచి, అచ్చుపడియున్న నాలుగు అంకెలను చూపెను. అవి 3614. "అబ్బాయ్, ఇది 2014లో చేసిన టైరురా" అని ఆయన అనెను. "కొత్తవాటిలా ఉన్నాయి గదా బాబాయ్!" అని రైతు ఆశ్చర్యపడెను. "రంగు కొత్తదే" అని వృద్ధుడు బదులు పలికెను.

ఆ బండిలో సరకు వేసికొని రాత్రివేళ గుంటూరు యార్డునకు పోవువాడు ఆ రైతు కుమారుడే. ఈ సంగతి వినిన పిమ్మట, పాత చక్రములు కొనువారు తెలిసికొనవలసిన విషయములను ఒకచోట చేర్చి చెప్పుట మంచిదని మాకు తోచినది. పాత వస్తువు కొనుట తప్పు కాదు. పరీక్షింపక కొనుటయే ప్రమాదము.

టైరుపై వ్రాతను చదువుట

టైరు ప్రక్కభాగమున ఉన్న అంకెలను చదువుట కష్టమైన పని కాదు. ఉదాహరణకు 215/75 ఆర్ 15 అని యున్నదనుకొందము. 215 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా టైరు ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులని అర్థము. 'ఆర్' అను ఆంగ్లాక్షరము రేడియల్ టైరని తెలుపును. 15 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో.

దీని తరువాత 104 వంటి ఒక సంఖ్యయు, ఒక అక్షరమును ఉండును. ఆ సంఖ్య భారసూచిక. 100 అని యున్నచో ఆ టైరు సరియైన గాలితో 800 కిలోల బరువు మోయగలదు. 104 అయినచో 900 కిలోలు, 108 అయినచో 1000 కిలోలు. ప్రక్కనున్న అక్షరము ఆ బరువుతో పోదగిన హెచ్చు వేగమును తెలుపును.

ఇక వృద్ధుడు చూపిన నాలుగంకెలు తయారైన కాలమును తెలుపునవి. మొదటి రెండు అంకెలు వారము, తరువాతి రెండు సంవత్సరము. 3614 అనగా 2014వ సంవత్సరము 36వ వారము. ఈ అంకెలు సాధారణముగా ఒక ప్రక్కనే పూర్తిగా అచ్చువేయబడి యుండును. కావున బండికి బిగించిన టైరులో అవి లోపలివైపున ఉండవచ్చును. టైరు ఏనాటిదో చూడకుండ బేరమాడరాదు. రబ్బరు వాడకున్నను ఎండకు, గాలికి గట్టిపడి పగుళ్ళు తేలును. 5 సంవత్సరములు వాడిన టైరును ఏటేటా నిపుణునిచే పరీక్ష చేయించవలెననియు, తయారై 10 సంవత్సరములు దాటినదానిని ఎంత బాగుగా కనబడినను తీసివేయవలెననియు కొన్ని టైరు కంపెనీలు చెప్పుచున్నవి.

పెద్ద టైరు వలన కలుగు మార్పులు

పై లెక్క తెలిసినవారు టైరు ఎత్తును తామే గుణించుకొనవచ్చును. 15 అంగుళములు 381 మిల్లీమీటర్లు. 215లో నూటికి 75 వంతులు సుమారు 161. దీనిని పైన, క్రింద రెండుమార్లు కలుపగా 215/75 ఆర్ 15 టైరు మొత్తము ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. ఇట్లే 235/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 733. తేడా 30 మిల్లీమీటర్లు, అనగా నూటికి 4 పాళ్ళకు కొంచెము పైన.

ఇంత చేసినను ఇరుసు క్రింద నేలకు గల ఖాళీ పెరుగునది ఆ 30లో సగము మాత్రమే. ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తుకొరకు రైతు చెల్లించు వెల మాత్రము అనేక విధములుగా ఉండును. చక్రము పెద్దదైనకొలది ఇంజను దానిని త్రిప్పుటకు ఎక్కువ శ్రమపడవలెను. బరువుతో గట్టు ఎక్కునపుడు క్లచ్చు కాలును. బ్రేకు అదే బలముతో త్రొక్కినను బండిని నిలుపు శక్తి తగ్గును. వేగమాపకము 60 చూపునపుడు బండి నిజముగా 62 దాటి పోవుచుండును. స్టీరింగు పూర్తిగా త్రిప్పినపుడు టైరు మడ్‌గార్డుకో, ఛాసిస్‌కో రాచుకొనవచ్చును. ఖాళీ బండికి తగలని టైరు బరువు వేసినపుడు తగులును. కావున రెండు విధములను చూడవలెను.

నల్లరేగడి సంగతి వేరుగా చెప్పవలసియున్నది. తడిసిన రేగడి టైరు గళ్ళలో నిండి అంటుకొనిన పిమ్మట, వెడల్పు టైరయినను నునుపైన చక్రమువలె జారును. అట్టి నేలలో టైరు కొలతకన్న గళ్ళ లోతు, గళ్ళ మధ్య ఎడము ముఖ్యము. తయారీదారు చెప్పిన కొలతలోనే లోతైన గళ్ళు గల టైర్లను వెనుక ఇరుసునకు వేయుట, చేనినుండి సగము బరువుతో రెండుమార్లు వచ్చి బాటపై నింపుకొనుట, ఈ రెండును తక్కువ ఖర్చుతో అగు పనులు.

బరువు లెక్క

పెద్ద టైరు వేసినచో బండి ఎక్కువ మోయునను నమ్మకము పల్లెలలో బలముగా నున్నది. ఇది పొరపాటు. బండి మోయదగిన బరువును ఛాసిస్, స్ప్రింగు పట్టీలు, ఇరుసు, బేరింగులు, బ్రేకులు కలిసి నిర్ణయించును. ఆ బరువు రిజిస్ట్రేషన్ పత్రమున వ్రాయబడియే యున్నది. టైరు మారినంత మాత్రమున ఆ అంకె మారదు.

అంతేకాదు. పెద్దదిగా కనబడు టైరు తక్కువ బరువు మోయునదియు కావచ్చును. జీపులకు, కార్లకు వేయు వెడల్పు టైర్లు కొన్ని సరకుల బండికి చాలవు. సరకు నింపిన పికప్పులో బరువు హెచ్చుభాగము వెనుక ఇరుసుపై పడును. వెనుక ఇరుసుపై 1800 కిలోలు పడునని అనుకొందము. రెండు టైర్లు చెరి 900 కిలోలు మోయవలెను. భారసూచిక 104 కన్న తక్కువ ఉండరాదు. 100 సూచిక గల అందమైన టైర్లు రెండు వేసినచో 200 కిలోలు తక్కువగును. అట్టి టైరు మొదటిదినమున పగులదు. మే నెలలో, రెంటచింతల వంటి చోట్ల నిప్పులు చెరుగు ఎండలో, నిండు బరువుతో వేగముగా పోవుచుండగా లోలోపల వేడెక్కి పగులును.

పాత టైరును పరీక్షించు విధము

టైరు గళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు ఉండును. అవి అరుగుదల గుర్తులు. పై రబ్బరు అరిగి ఆ గట్టుతో సమమైనచో గళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినదని అర్థము. ఇట్టి బండ్లకు అంతకన్న తక్కువ లోతు ఉండరాదని కేంద్ర మోటారు వాహనముల నియమావళి చెప్పుచున్నది. అరిగిన టైరునకు కత్తితో కొత్త గళ్ళు కోసి రంగు పూసి అమ్ముట కద్దు. అట్టిదానిలో ఆ రబ్బరు గట్లు తెగియుండును, లేదా కనబడవు. గాడి అడుగున దారపు పోగులు కనబడినచో దానిని తాకనవసరము లేదు.

ప్రక్కభాగమున ఉబ్బు, కోత, సన్నని పగుళ్ళు ఉన్నవేమో చూడవలెను. రిమ్మునుండి ఊడదీయించి లోపల కూడ చేతితో తడిమి చూడవలెను. ప్రక్కగోడకు పెద్ద అతుకు వేసిన టైరు సరకుల బండికి పనికిరాదు. ఒకే ఇరుసునకు రెండు ప్రక్కల ఒకే కొలత, ఒకే రకము టైర్లు ఉండవలెను. నాలుగు చక్రములు లాగు బండియైనచో నాలుగును సమానముగా ఉండవలెను. స్పేరు చక్రమును మరువరాదు. మిగిలిన నాలుగింటికి సరిపడని స్పేరు అర్ధరాత్రి అక్కరకు రాదు.

పాత రిమ్ము సరిపడునా?

రిమ్ము వ్యాసము 15 అంగుళములైనంత మాత్రమున అది మీ బండిదని తలపరాదు. మొదట బోల్టు రంధ్రములను, అవి ఏర్పడిన వలయమును కొలువవలెను. 6 రంధ్రములున్నచో ఎదురెదురు రంధ్రముల నడిమినుండి నడిమికి కొలిచిన చాలును. 5 రంధ్రములున్నచో ప్రక్కప్రక్కనున్న రెండింటి నడిమిదూరమును కొలిచి 1.7తో హెచ్చవేయవలెను. ఆ దూరము 82 మిల్లీమీటర్లయినచో వలయము ఇంచుమించు 139.7 మిల్లీమీటర్లు, అనగా ఐదున్నర అంగుళములు. ఇది విల్లీస్ జీపులనాటి కొలత. శ్రీసిటీలో 2016 నుండి తయారగుచున్న ఇసుజు డి-మాక్స్ పికప్పునకును 139.7 వలయమే. కాని దానికి 6 బోల్టులు. వలయమొకటే కదాయని 5 బోల్టుల బండికి ఆ రిమ్మును కొన్నచో డబ్బు వృథా.

రెండవది రిమ్ము వెడల్పు. 235/75 ఆర్ 15 టైరునకు సాధారణముగా 6 అంగుళములకు తగ్గని రిమ్ము కావలెను. ఐదున్నర అంగుళముల రిమ్ముపై ఎక్కించినచో టైరు నడుమ ఉబ్బి మలుపులలో ఊగును. మూడవది రిమ్ము లోతు. చక్రము పాతదానికన్న వెలుపలికి పొడుచుకొని వచ్చినచో బేరింగులపై భారము పెరుగును, స్టీరింగు బరువెక్కును. పాత రిమ్మును, కొత్తగా తెచ్చినదానిని ప్రక్కప్రక్కన బోర్లించి కొలిచినచో తేడా తెలియును. నాలుగవది నట్టు కూర్చుండు చోటు. ఏటవాలు ముఖము గల నట్టునకు ఏటవాలు గుంట, గుండ్రని ముఖము గల నట్టునకు గుండ్రని గుంట ఉండవలెను. ఇవి కలియనిచో ఎంత బిగించినను నట్టు వదులగును.

పిదప రిమ్మును తుడిచి రంధ్రముల చుట్టు పగుళ్ళు, తుప్పు, వెల్డింగు అతుకులు చూడవలెను. గుండ్రని రంధ్రము కోడిగ్రుడ్డువలె సాగియున్నచో ఆ రిమ్ము వదులు నట్లతో తిరిగినదని గ్రహించవలెను. చక్రమును బిగించి, జాకీపై లేపి, అంచు దగ్గర ఒక పుల్లను కదలకుండ నిలిపి త్రిప్పినచో వంకర ఉన్నది లేనిది ఒక్క చుట్టులో బయటపడును.

బిగింపు, గాలి

నట్లను వరుసగా గాక ఎదురెదురుగా మార్చి మార్చి బిగించవలెను. 50 నుండి 100 కిలోమీటర్లు తిరిగిన తరువాత మరల బిగించి చూడవలెను. గాలిని ఉదయము బండి కదలకముందే కొలిపించవలెను. బండిపై తయారీదారు అతికించిన పట్టికలో ఖాళీ బండికి, నిండు బండికి వేరువేరు అంకెలుండును. నిండు బరువుతో తక్కువ గాలి టైరునకు ముఖ్యశత్రువు.

చట్టము చెప్పునది

1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. ఈ విషయమును సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టముచేసినది. కావున కొలత మార్చదలచినవారు తయారీదారు ఆ నమూనాకు అనుమతించిన కొలతలలోనిదే ఎన్నుకొనవలెను. రవాణా కార్యాలయమున ముందుగా విచారించుట మంచిది. పరిమితికి మించి బరువు వేసినచో 194వ సెక్షను క్రింద 20,000 రూపాయల జరిమానాయు, మించిన ప్రతి టన్నునకు మరి 2,000 రూపాయలును పడును. నాలుగు టిక్కీల లాభము అక్కడ నిలువదు. సరకుపై కూలీలను కూర్చుండబెట్టి తీసికొనిపోవుట ఎట్టి టైర్లకైనను తగని పని.

ఆ సాయంకాలము మేము బయలుదేరునప్పటికి రైతు ఆ చక్రములను తిరిగి ఆటోలో ఎక్కించుచుండెను. అమ్మినవారు పూర్తి సొమ్ము ఇత్తురో లేదోయని ఆయనకు దిగులు. కొంత నష్టము రాకతప్పదని మాకును తోచినది. వృద్ధుడు పాత చక్రములనే మరల బిగించి, వెనుక రెండింటికి అదే కొలతలో కొత్త టైర్లు తెచ్చుకొమ్మని చెప్పెను. "వాడు రాత్రిళ్ళు నడుపుతాడు గదా బాబాయ్, అలాగే చేద్దాం" అని రైతు అనెను.

రైతు సోదరులారా! విత్తనము కొనునపుడు సంచిపై గడువు తేదీ చూచుచున్నారు. టైరు కొనునపుడును ఆ నాలుగంకెలను, భారసూచికను చూడుడు. దానికి పట్టునది ఒక తడిగుడ్డ, రెండు నిమిషముల కాలము.